నుదుటి గడి

నాకు యాభై మూడో ఏట బొమ్మలు గీయాలని బుద్ధి పుట్టింది. అంతటితో ఊరుకున్నా బావుండేది, ఇంట్లో కూర్చుని నా తిప్పలేవో నేను పడేదాన్ని. జగ్గయ్యపేటలో ఒక్కరి కంటా పడకుండా నందిగామ వెళ్ళి నేర్చుకోవాలని ఇంకో బుద్ధి కూడా పుట్టింది. ఇప్పుడు రాసేదంతా ఆ రెండో బుద్ధి తెచ్చిపెట్టిందే.

మాది పేటలో కిరాణా హోల్‌సేలు. కింద కొట్టు, వెనక గోడౌను, పైన ఇల్లు. ఇరవయ్యో ఏట కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ మెట్లు దిగడం, ఎక్కడం, సరుకు చూసుకోవడం, అరవడం, ఇదే నా బతుకు. అరవడం అని ఊరికే అనలేదు. నా నోరు పేటలో చాలామందికి తెలుసు. మా ఆయన నెమ్మదస్తుడు, కొట్టు నిలబడింది నా నోటి వల్లేనని చుట్టాలు ఇప్పటికీ అంటారు. అది మెప్పనుకుని నేను చాలా ఏళ్ళు మురిసిపోయా.

మోకాళ్ళు అరిగాయి, మెట్లు తగ్గించమని డాక్టరు చెప్పాడు. కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. పైన కూర్చుంటే పొద్దు గడిచి చావదు. ఒకరోజు న్యూస్‌పేపరు విప్పితే అందులోంచి కరపత్రం ఒకటి కింద పడింది. నందిగామలో రిటైరైన డ్రాయింగు మాస్టారు శని, ఆదివారాలు ఇంట్లోనే బొమ్మలు నేర్పుతారట, ఏ వయసువారైనా రావచ్చుట. ఆ ముక్క వేయించినాయన నాలాంటిది నిజంగా వచ్చి దిగుతుందని అనుకుని ఉండడు. నాకు ముగ్గు కూడా కుదిరేది కాదు. కొత్తకోడలిగా నేనేసిన చుక్కల ముగ్గు చూసి మా అత్తగారు దాని మీద నీళ్ళు కుమ్మరించి, పక్కింటావిడతో మళ్ళీ వేయించింది. ఆ ఉక్రోషం కడుపులో ఎక్కడో ఉండిపోయినట్టుంది. కరపత్రం మడిచి దాచుకున్నా.

ఇంట్లో మాత్రం మోకాళ్ళకి ఫిజియోథెరపీ అని చెప్పా. మా ఆయన పాపం నమ్మి, కారులో దింపుతానన్నాడు. బస్సులో వెళ్తే కాళ్ళు ఆడతాయి, అదే మంచిదన్నారు అని ఇంకో అబద్ధం ఆడా. ఈ వయసులో ఈ దొంగ వేషాలేంటని నాకే నవ్వొచ్చింది. బస్సు చిల్లకల్లు దాటేదాకా కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చునేదాన్ని.

మాస్టారింటి ముందు గదిలో చాపలు, చాపల మీద పదిమంది పిల్లలు, అందరూ మూడో తరగతి, నాలుగో తరగతి వాళ్ళు. వాళ్ళ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో నేను, ఒళ్ళో పరీక్ష అట్ట. మొదటి రోజే ఎవరో పిల్ల తల్లి వచ్చి, మీ మనవరాలు ఎవరండీ అని అడిగింది. అదుగో ఆ ఎర్ర గౌను పిల్ల అనేశా. ఆ ఎర్ర గౌను పిల్ల అసలు నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇంక ఆ పూటంతా నేను తలెత్తితే ఒట్టు.

మూడు వారాలు గీతలే గీయించారు మాస్టారు. స్కేలు లేకుండా నిలువు గీతలు, అడ్డగీతలు, తర్వాత సున్నాలు. మణికట్టుతో కాదు, భుజంతో గీయాలిట. నా గీత పైన బాగానే బయల్దేరి సగంలో ఎటో పోయేది. గీత కుదరకపోతే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే పెన్సిలు నొక్కుతా, నొక్కితే మొన విరుగుతుంది. పెన్సిలు చెక్కుకోవడానికే సగం క్లాసు అయిపోయేది. మీరు కాయితంతో పోట్లాడుతున్నారండీ, అన్నారొకసారి మాస్టారు. ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నా.

నాలుగో వారం షేడింగు. వెలుగు ఎటునుంచి పడుతోంది, నీడ ఎక్కడ చిక్కబడుతోంది చూసి గీయడానికి అందరికీ తలో కోడిగుడ్డు ఇచ్చారు. మా ఇళ్ళల్లో గుడ్డు ముట్టుకోరు. నేను పుట్టి బుద్ధెరిగాక గుడ్డు చేత్తో పట్టుకుని ఎరగను. కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని కుర్చీ వెనక్కి జరిపా. పక్కన పిల్ల సాయం చేద్దామని ఒక గుడ్డు తెచ్చి నా అట్ట మీద పెట్టబోతే, ముందు దాన్ని తియ్యి అని గట్టిగా అరిచా. మాస్టారు లోపలికెళ్ళి ఒక బంగాళాదుంప తెచ్చి నా ముందు పెట్టారు. పిల్లలందరూ గుడ్డు గీస్తుంటే నేను దుంప గీసా. ఆ రోజు నాకు సిగ్గనిపించలేదు. ఇది రాస్తుంటే అనిపిస్తోంది, ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకున్న తీరు గుర్తొచ్చి.

దుంప బాగా వచ్చింది. మాస్టారు షీటు దూరంగా పట్టుకుని చూసి, చెయ్యి తిరుగుతోందండీ అన్నారు. ఆ ఒక్క మాటకి నేను నేల మీద నిలవలేదు. తర్వాత చెంబు గీసా, ఆ తర్వాత గుమ్మం ముందు విడిచిన చెప్పుల జత గీసా. చెప్పులైతే అచ్చు చెప్పుల్లాగే ఉన్నాయి. మోకాళ్ళు ఎలా ఉన్నాయని మా ఆయన అడిగితే, బ్రహ్మాండంగా ఉన్నాయన్నా, నిజంగానే నొప్పి తెలియట్లేదు మరి.

ఆ చెప్పుల బొమ్మ పట్టుకుని బస్సెక్కిన రోజే ఒకమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. బావున్నారా ఆంటీ అంది. నేను గుర్తుపట్టలేదు. మా అమ్మ మీ గోడౌన్లో చింతపండు గింజ తీసేదండీ అంటే అప్పుడు తెలిసింది.

వాళ్ళమ్మ మా దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చింతపండు గింజ తీయడం, మిరపకాయల తొడిమలు తుంచడం, పప్పులు చెరిగి రాళ్ళు ఏరడం. పొద్దున కొట్టు తెరిచే వేళకి వచ్చేది, దీపాలు పెట్టే వేళకి వెళ్ళేది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఇప్పుడు ఆవిడ అని రాస్తున్నాగానీ, అప్పట్లో అది, ఇది అనే అన్నా, పేరు పెట్టి నువ్వనే పిలిచా. ఆవిడ నన్ను అమ్మగారూ అనేది. వాళ్ళు క్రైస్తవులు. కూతుర్ని చదివిస్తున్నానని చెప్పుకునేది. ఆ కూతురే ఈ అమ్మాయి, నందిగామలో ఒక ఆసుపత్రిలో నర్సు.

అమ్మ ఎలా ఉంది అని అడిగా. పోయి పది నెలలైందండీ అంది. నాకు తెలియనే తెలియదు. చూపు మందగించి పని మానేశాక ఆవిడ పెనుగంచిప్రోలులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉందో పోయిందో నేను ఒక్కసారీ ఆరా తీయలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక షీటు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి చూపు దాని మీద పడింది. ఎవరు గీశారు ఆంటీ అంది. నేనే అన్నా. అని ఊరుకున్నానా, అందాకా ఉన్న సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి కోతలు కోశా. ఇవన్నీ ఏముంది, ఫొటో ఉంటే మనిషిని అలాగే దించేస్తా అన్నా. అప్పటికి నేను మనిషి చెవి కూడా గీసి ఎరగను.

ఆ అమ్మాయి మెల్లగా అసలు సంగతి చెప్పింది. వాళ్ళమ్మ పోయిన రెండు నెలలకి మున్నేరు పొంగి తమ్ముడింట్లోకి నీళ్ళొచ్చాయట. ఆల్బమ్, వాళ్ళమ్మ ఫొటోలున్న ఫోను, కార్డులు, అన్నీ పోయాయట. మిగిలింది తన ఫైల్లో ఉన్న ఆధార్ జిరాక్సు ఒక్కటే. అది స్టూడియోలో ఇస్తే కంప్యూటర్లో బాగుచేసి, తెల్లగా నున్నగా ఎవరో సీరియల్లో ఆవిడలాగా చేసి చేతిలో పెట్టారట. ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతోంది, బల్ల మీద పెట్టడానికి అమ్మ మొహం లేదు. తమ్ముడి చిన్నపిల్లాడికి నాయనమ్మ ఎలా ఉండేదో చూపించడానికి కూడా ఏమీ లేదు.

"మీరైతే మా అమ్మని రోజూ చూశారు కదాంటీ. మీకు గుర్తుంటుంది," అంది.

గుర్తులేకపోవడమేంటమ్మా అన్నా నేను.

తర్వాతి వారం ఆ అమ్మాయి ఇచ్చిన జిరాక్సు తీసుకెళ్ళి మాస్టారికి చూపించా. ఇప్పుడే మొహాలొద్దండీ, ఇంకో ఆరు నెలలు ఆగండి అన్నారు. ఆగేదాకా వాళ్ళ ప్రార్థన ఆగదు గదా అని పట్టుబట్టా. సరే అని గడుల పద్ధతి చెప్పారు. చిన్న ఫొటోని పెద్దది చేయించి దాని మీద స్కేలుతో చిన్న చిన్న గడులు గీసుకోవాలి. షీటు మీద అన్నే గడులు పెద్దవి గీసుకోవాలి. ఒక్కో గడిలో ఏముందో చూసి అటు దించాలి. కన్ను, ముక్కు అని తలుచుకోకూడదు, గడిలో గీత ఎటు పోతోంది, నలుపు ఎంతుంది, అంతే చూడాలి. మొహం మీకు తెలుసని అనుకున్నారో, పాడుచేస్తారు అన్నారు మాస్టారు.

జిరాక్సు తిప్పి తిప్పి చూసి, నుదుటి మధ్య గడి మీద వేలు పెట్టారు. ఇక్కడ గుండ్రంగా తెల్లగా ఉందేంటండీ అని అడిగారు. జిరాక్సులో ఇంకు పడలేదులెండి అన్నా. ఎందుకైనా మంచిది, ఆ అమ్మాయిని ఒకమాట అడగండి అన్నారు. ఇరవై రెండేళ్ళు కళ్ళెదురుగా చూసినదాన్ని, నేనొకర్ని అడగాలా అనుకున్నా. అడగలేదు.

మధ్యాహ్నాలు తలుపేసుకుని గీసేదాన్ని. గడులు గీయడానికే రెండు రోజులు. చెవులు, పైట, జుట్టు ఎలాగో వచ్చాయి. మొహం దగ్గరికి వచ్చేసరికి జిరాక్సులో కళ్ళున్న చోట రెండు నల్ల మరకలు, ముక్కున్న చోట ఒక గీత. సర్లే, నాకు గుర్తుందిగా అని కళ్ళు మూసుకున్నా. ఆవిడ చేతులు కనపడ్డాయి, చింతపండు పులుపుకి పగిలిన వేళ్ళు. చాట కనపడింది. వంగిన వీపు కనపడింది. మొహం రాలేదు. ముక్కుపుడక ఉండేదా, ఉంటే ఏ వైపు? కనుబొమలు కలిసేవా? నవ్వితే పళ్ళు కనపడేవా? అసలు ఆవిడ నవ్వడం నేను చూశానా? ఒక్కటీ తెలియదు. నేను పైనుంచి చూసి కేకేసేదాన్ని, ఆవిడ తల వంచుకుని పని చేసుకునేది. కనపడితే నడినెత్తి కనపడాలి.

అప్పుడైనా సిగ్గుపడి ఆ జిరాక్సు తిరిగి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. మరకల్నే కళ్ళు చేశా, గీతనే ముక్కు చేశా. చూస్తే ఎవరో ఒక ముసలావిడ, అంతే. మా కొట్టు మనిషి కాదు. షీటు గోడకి ఆనించి దూరం నుంచి చూశా. నుదురు బోడిగా ఉంది. మొగుడుండగా పోయిన మనిషి, పుణ్యస్త్రీ, ఆ నుదురు అలా ఉండడం నాకు చేతులారా అశుభం చేసినట్టు అనిపించింది. పైగా నా కళ్ళలో ఉన్న ఆవిడకి ఎప్పుడూ బొట్టు ఉంది. ఆ తెల్ల గడిలో, జిరాక్సు తప్పనుకున్న చోటే, ముదురు నలుపు పడే ఆరు బి పెన్సిలుతో గుండ్రంగా బొట్టు దిద్దా.

దిద్దగానే ఆవిడ వచ్చేసింది. నిజం చెప్తున్నా, అదే కళ్ళు, అదే ముక్కు, బొట్టు పెట్టగానే మా గోడౌన్లో కూర్చున్న మనిషి నా ఎదురుగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నేను గీశా, నేను గీశా అని గదిలో ఒక్కదాన్నే అనుకున్నా. మాస్టారికి చూపిస్తే ఏదో ఒక వంక పెడతారని చూపించకుండా, పేటలోనే ఫ్రేము కట్టించా.

కూడిక రోజున పట్టుచీర కట్టుకుని ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్ళా. మా ఆయనకి అప్పటికి నిజం చెప్పేశా. బొమ్మ చూసి నోరెళ్ళబెట్టాడు, నువ్వేనా గీసింది అని. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, పాస్టరుగారు, ఓ యాభై మంది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అందరికీ స్టీలు గ్లాసుల్లో మంచినీళ్ళు ఇచ్చి, నాకు మాత్రం మూత తీయని సీసా తెచ్చి ఇచ్చారు. మీరు మా గ్లాసుల్లో తాగరు కదా అని ఎవరూ అనలేదు. అనకుండానే కొనుక్కొచ్చారు.

పాట అయ్యాక ఆ అమ్మాయి బల్ల దగ్గరికెళ్ళి ఫ్రేము మీద గుడ్డ తీసింది. నేను అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నా, మెచ్చుకుంటారని. వెనక వరసలో ఎవరో ముసలమ్మ, బొట్టు పెట్టారేంటి అంది. పోయినావిడ భర్త, డెబ్బయ్యేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని లేచి బల్ల దాకా వచ్చి, వంగి చూసి, కూతురి వైపు తిరిగాడు.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు.

ఆ అమ్మాయి తొణకలేదు. గుడ్డ మళ్ళీ కప్పేసి, ప్రార్థన చేయండయ్యగారూ అంది పాస్టరుగారితో. నాకు తల తీసేసినట్టయింది. ప్రార్థన ఎంతసేపు జరిగిందో, ఏం చదివారో తెలియదు. భూమి చీలిపోతే బావుండనుకుంటూ ఆ సీసా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నా.

భోజనాల వేళ ఇంటి వెనక పంపు దగ్గర ఆ అమ్మాయిని పట్టుకున్నా. పొరపాటైపోయిందమ్మా, రబ్బరుతో తుడిచేస్తా, పది నిమిషాల పని అన్నా. అప్పటికీ నాకు అది పది నిమిషాల పనిలాగే ఉంది. ఆ అమ్మాయి గిన్నె కడుక్కుంటూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"మా అమ్మకి అక్కడ తెల్ల మచ్చ ఉండేదాంటీ. మీరు పెట్టుకోమన్న స్టిక్కర్ల జిగురు పడక వచ్చింది. చర్మం డాక్టరు కూడా అదే చెప్పాడు. మీకు తెలియదా?"

తెలియదు. ఎలా తెలుస్తుంది, మా కొట్టులో ఉన్నంతసేపూ దాని మీద బొట్టు ఉండేది.

ఇది చెప్పకుండా దాటేయొచ్చు. దాటేస్తే ఇంక ఈ రాతెందుకు? ఆవిడ మా దగ్గర చేరిన ఆరు నెలలకి జరిగింది. కొట్టు తెరవగానే బోడి నుదురు ఎదురొస్తే బోణీ ఏమవుతుందని మా అత్తగారు గొణుక్కునేది. గొణుక్కుందే గానీ ఆవిడకి ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. అత్తగారి మెప్పు కోసం బజారుకెళ్ళి ఎర్ర స్టిక్కర్ల ప్యాకెట్టు కొనుక్కొచ్చి, రేపట్నించీ ఇది పెట్టుకుని లోపలికి రా, ఇంటికెళ్ళేటప్పుడు తీసేసుకో అన్నా. ఆవిడ ప్యాకెట్టు తిప్పి చూసింది. మా మందిరంలో ఒప్పుకోరమ్మగారూ అంది. మీ మందిరంలో నీకు పనిస్తారా అన్నా నేను. అప్పటికి నాకు ఇరవై ఒకటో ఏడు.

మర్నాటి నుంచి పెట్టుకునే వచ్చింది. సాయంత్రం తీసి గోడౌను తలుపు చెక్కకి అంటించి వెళ్ళేది, పొద్దున మళ్ళీ అదే తీసి పెట్టుకునేది. తలుపంతా జిగురు చేస్తున్నావని దానికీ తిట్టా. మా అత్తగారు మాత్రం, కోడలికి బుద్ధి ఉంది అని నలుగురిలో అంది. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో!

ఇంటికి రాగానే అమ్మ పంపు దగ్గర నుదురు రుద్దుకునేదట. మచ్చ వచ్చాక, మందిరంలో రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు పైట కనుబొమల దాకా లాక్కునేదట. ఇవన్నీ ఆ అమ్మాయి కోపంగా ఏం చెప్పలేదు. నర్సు కదా, రోగం వివరించినట్టు చెప్పింది. కోప్పడి నాలుగు తిట్టినా నేను నిలబడి పడేదాన్ని.

ఫ్రేము వెనక్కి తెచ్చుకున్నా. శనివారం మాస్టారి ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పా, పిల్లలు వింటున్నా ఆగలేదు. ఆయన ఫ్రేము తీసి పక్కన పెట్టారు. కొత్త షీటు తీసుకోండి అన్నారు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి బతిమాలా. ఏం గీయాలో నాకు తెలియదమ్మా, నువ్వొచ్చి చెప్పు, నువ్వు చెప్పిందే గీస్తా అన్నా. రానంటుందనుకున్నా. నాలుగు ఆదివారాలు డ్యూటీ దిగి వచ్చింది. చాప మీద కూర్చుని, కళ్ళు ఇంత పెద్దవి కాదు, కింది పెదవి కొంచెం ముందుకి, ముక్కుపుడక లేదు, రంధ్రం మాత్రం ఉండేది, పూడిపోయింది, అని చెప్పేది. తన మొహంలోకి చూస్తూ గీయమనేది, గడ్డం అమ్మదేనట. ఆ మొహంలోకి సూటిగా చూడ్డానికి మొదటి రోజంతా నా వల్ల కాలేదు. ఎన్నిసార్లు తుడిచానో షీటు బొచ్చు లేచిపోయింది. ఇంకో షీటు తీసుకున్నా.

మచ్చ వేయనా వద్దా అని అడిగా. జిరాక్సులో ఉంది కదాంటీ అంది. తెల్ల పెన్సిలు ఉంటుందా అని మాస్టారిని అడిగితే నవ్వలేదాయన. తెలుపు మనం వేసేది కాదండీ, కాయితాన్నే అక్కడ ముట్టుకోకుండా వదిలేయాలి, చుట్టూ నీడ వేసుకుంటూ రావాలి అన్నారు. నుదురంతా సన్నగా నీడ వేసి, మధ్య రూపాయి బిళ్ళలో సగమంత కాయితం వదలడానికి రెండు వారాలు పట్టింది. చెయ్యి దాని మీదికి జారితే ఉలిక్కిపడేదాన్ని.

ఈసారి మామూలు నేత చీరలో వెళ్ళా. ఆ అమ్మాయి ముందే వచ్చి ఉంది. వాళ్ళ నాన్న వసారాలో మంచం మీద ఉన్నాడు. ఫ్రేము చేతికిస్తే వెలుగు కోసం గుమ్మం దాకా తీసుకెళ్ళి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఇదే, ఇదే మా ఆడది అన్నాడు. బొటనవేలు పెట్టి అద్దం మీద ఆ మచ్చని నిమిరాడు. మనవణ్ణి పిలిచి, ఇదిగోరా మీ నాయనమ్మ అని చూపించాడు. ఆ అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు టీ పెట్టుకొచ్చి గ్లాసు నా పక్కన పెట్టింది, నేను తీసుకుని తాగా.

పెద్దాయన మళ్ళీ బొమ్మ వైపు చూసి, నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అమ్మగారూ, ఈ మచ్చ రాకముందు దాని నుదురు బాగుండేదండీ. అట్టా ఒకటి గియ్యలేరా?"

గీయలేను. అది నేను చూడని నుదురు కాదు. చేరిన కొత్తలో ఆరు నెలలు రోజూ నా ఎదురుగానే ఉంది. చూసి, అది అశుభమని అనుకోవడం ఒక్కటే నాకు గుర్తుంది. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఈయనకి తెలియదు, కూతురు చెప్పలేదు, చెప్పకుండా బస్సెక్కేయొచ్చు అని ఒక్క క్షణం అనిపించిన మాట కూడా నిజం.

"గీయలేనండీ," అన్నా. "ఆ మచ్చ నా వల్లే వచ్చింది. ఆ స్టిక్కర్లు పెట్టించింది నేను."

"తెలుసమ్మా," అన్నాడాయన. "మీరిచ్చింది మొదటి ప్యాకెట్టే గదా. తర్వాతయ్యన్నీ నేనే తెచ్చిచ్చేవాణ్ణి, పని పోద్దేమోనని. మీ ఒక్కరిదే కాదులే."

నన్ను ఓదార్చడానికి అన్నాడు ఆ మాట.